నల్లగా ఉందని జడవకండి!

గాజు లోటాలో పోసి బల్ల మీద పెడితే కొత్తవాడు ఎవడైనా మొదట అనే మాట ఒకటే: "అమ్మో, ఇంత నల్లగా ఉందే, ఎంత ఘాటో!" లోటా ఎత్తి వెలుతురుకు అడ్డం పెడితే ఆ నలుపు కాస్తా విరిగి అంచుల్లో దానిమ్మ గింజ ఎరుపు తేలుతుంది. ఒక గుక్క లోపలికి పోయేసరికి గొంతు మంటా లేదు, ఘాటూ లేదు. దోరగా కాలిన రొట్టె పెచ్చు వాసన, వేయించిన గింజల కమ్మదనం మిగులుతాయి. జర్మనీకి దక్షిణాన బవేరియా రాష్ట్రంలో తరతరాలుగా తాగుతున్న ఈ బీరు పేరు 'డుంకెల్'. వాళ్ళ భాషలో ఆ మాటకు ముదురు రంగు అని అర్థం, అంతే.

రంగును చూసి బలం లెక్క కట్టడం అక్కడి వాళ్ళలోనూ ఉన్న పొరపాటే. డుంకెల్‌లో ఆల్కహాలు నూటికి 5 పాళ్ళ ప్రాంతం. పసుపుపచ్చని మామూలు జర్మన్ బీరులోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. ఆ మాటకొస్తే మ్యూనిక్ నగరంలో అక్టోబరు పండుగకు పోసే లేత రంగు బీరులో 6 పాళ్ళ వరకు ఉంటుంది. సాధువులా కనబడే తెల్లదే గట్టి పిండమన్నమాట!

రుచి చూడడానికీ ఒక పద్ధతి ఉంది. పళ్ళు జివ్వుమనేంత చల్లగా తాగితే నాలుక మొద్దుబారి ఏ రుచీ తెలియదు. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచిన నీళ్ళంత చల్లదనం, అంటే 8 నుంచి 10 డిగ్రీలు చాలు. లోటా వాల్చి పోసి, చివరలో నిలబెట్టి నురుగు రానివ్వాలి. ఆ నురుగు కూడా తెల్లగా ఉండదు, పాలెక్కువైన టీ రంగులో ఉంటుంది. ముందు వాసన చూడాలి. ఆ తరువాత గుక్క తీసుకొని ఒక క్షణం నాలుక మీద ఆపి మింగాలి. ద్రాక్ష సారాయి రుచి చూసేవాళ్ళు నోట్లో పుక్కిలించి ఉమ్మేస్తారు. బీరుకు అది చెల్లదు, మింగాక వెనక నిలిచే చేదు కూడా రుచిలో భాగమే. తీపి వస్తోందనుకొనేలోగా హాప్సు అనే తీగ పూల చేదు వచ్చి ఆ తీపిని కోసేస్తుంది. మింగాక నోరు శుభ్రంగా ఉండాలి. పాకంలా అంటుకొన్నా, అడుగంటిన మాడు వాసన వచ్చినా అది మంచి డుంకెల్ కాదు.

ఆ రంగు ఎక్కడిది?

మన ఇళ్ళలో రాగులు నానబోసి, మూటగట్టి, మొలక వచ్చాక ఎండబెట్టి, వేయించి, పిండి పట్టించుకోవడం తెలిసిందే. బార్లీకీ అదే వరస. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీనే మాల్టు అంటారు. మొలక వచ్చేటప్పుడు గింజలో పిండిని చక్కెరగా మార్చే గుణం పుడుతుంది. దాన్ని సన్నని వేడి మీద ఎండబెడితే మాల్టు లేత రంగులో నిలుస్తుంది. చివరలో వేడిని 100 డిగ్రీల దాకా పెంచితే రంగు ముదిరి, రొట్టె పెచ్చుకు పట్టిన కమ్మదనమే గింజకూ పడుతుంది. ఈ రెండో రకానికి మ్యూనిక్ మాల్టు అని పేరు. డుంకెల్‌కు ప్రాణం ఇదే. మాడ్చిన మాల్టు గుప్పెడు పడేసి రంగు తెచ్చేవాళ్ళూ లేకపోలేదు. దానితో రంగు వస్తుంది కానీ కమ్మదనం రాదు.

రంగు వెనక నీళ్ళ కథ కూడా ఉంది. ఎంత ఉడకేసినా పప్పు ఉడకని నీళ్ళు మన ఆడవాళ్ళకు బాగా తెలుసు. మ్యూనిక్ నీళ్ళు ఆ జాతివే, సున్నం పాలు ఎక్కువ. ఆ నీళ్ళలో లేత మాల్టు వేసి పూల చేదు దట్టిస్తే బీరు గరుకుగా, మోటుగా తయారవుతుంది. ముదురు మాల్టులో కొద్దిపాటి పులుపు గుణం ఉంది. అది సున్నాన్ని విరిచేస్తుంది. రసాయన శాస్త్రం ఈ సంగతి చెప్పకముందే అక్కడి వాళ్ళు తమ నీళ్ళకు సరిపడే గింజను అనుభవంతో పట్టుకొన్నారు.

కాచే పని కూడా అలాంటిదే. పాతకాలంలో థర్మామీటరు లేదు. నలగగొట్టిన మాల్టును నీళ్ళలో కలిపి, అందులో మూడో వంతు తీసి వేరే గంగాళంలో మరిగించి, మళ్ళీ పాత దాంట్లో పోసేవారు. చన్నీళ్ళలో మరిగే నీళ్ళు పోసి స్నానానికి తొణుపుకొన్నట్టే. కొలత తప్పకపోతే వేడి కూడా తప్పదు. ఇలా మూడుసార్లు చేసేవారు. ఆ మరగడంలో జావకు మరింత రంగు, రుచి పట్టేవి. పూట పట్టే పని, కట్టెల ఖర్చు అదనం. వడగట్టాక మిగిలిన పిప్పి పశువుల దాణాలోకి పోతుంది.

తరువాతిదంతా ఓపిక. ఈ బీరును పులియబెట్టే ఈస్టు చలిలోనే పనిచేస్తుంది. 8, 10 డిగ్రీల్లో పులిశాక వారాల తరబడి గడ్డకట్టేంత చలిలో నిలవ ఉంచాలి. 'లాగర్' అన్న మాటకే నిలవ చేయడమని అర్థం. వేసవిలో కాచిన సరుకు చెడిపోతోందని 1553లో బవేరియా ప్రభువులు ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు చివరి వరకు కాచడమే నిషేధించారు. అందుకని చలికాలంలో కాచి, నేలమాళిగల్లో చెరువుల నుంచి కోసుకొచ్చిన మంచుగడ్డల మధ్య దాచేవారు. మాళిగల మీద ఎండ పడకుండా చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆ నీడన బల్లలు వేసుకొని కూర్చోవడం నుంచే నేటి బీరు తోటలు పుట్టాయి. 1870ల్లో కార్ల్ ఫాన్ లిండే అనే ఇంజనీరు శీతల యంత్రాన్ని తెచ్చాక మంచు కోసే పని తప్పింది.

సొంత ఇంటివాడే...

డుంకెల్‌కు దెబ్బ కొట్టింది ఇంటివాడే! 1842లో బొహీమియాలోని పిల్సెన్ నగరం తమ కొత్త బ్రూవరీకి బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే నిపుణుణ్ణి పిలిపించుకొంది. అక్కడి నీళ్ళు సున్నమన్నది లేని మెత్తటి నీళ్ళు. లేత మాల్టు వేస్తే బంగారం రంగు బీరు దిగింది. గాజు లోటాలు వాడుకలోకి వస్తున్న రోజులు, ఆ మెరుపుకు లోకం పడిపోయింది. చివరకు మ్యూనిక్ స్పాటెన్ బ్రూవరీ కూడా 1894లో లేత రంగు బీరును బజారుకు దింపక తప్పలేదు. ఒకప్పుడు ఊరంతా తాగిన నల్ల బీరు తరువాత తరువాత ఒక మూలకు జరిగింది.

ఆ మూల ఎక్కడుందో చూడాలంటే ఉత్తర బవేరియా పల్లెలకు వెళ్ళాలి. అక్కడ ఔఫ్‌సెస్ అనే పంచాయతీ జనాభా సుమారు 1,300. చుట్టూ ఉన్న శివారు పల్లెలతో కలిపి నాలుగు బ్రూవరీలు! తలసరి లెక్కన ప్రపంచంలోకెల్లా ఎక్కువని 2000 ప్రాంతంలో గిన్నిస్ రికార్డుకెక్కింది. అందులో హెకెన్‌హోఫ్ పల్లెలోని దానికి 'కాతి బ్రాయ్' అని పేరు. చాలాకాలం దాన్ని నడిపిన కాతి అనే ఆవిడ పేరే అది. అక్కడ పేరు పడ్డది ముదురు రంగు లాగరే. సెలవు రోజుల్లో మోటారు సైకిళ్ళు బారులు తీరతాయి.

మన పల్లెల్లో మద్యమనగానే కూలిన కాపురాలే ముందు గుర్తుకొస్తాయి, అందులో తప్పు లేదు. తాగుడు జబ్బు జర్మనీకీ ఉంది. అయితే ఈ పల్లె బీరు రొట్టె, మాంసం పక్కన భోజనంలో ఒక భాగం. ఇప్పుడు ఆ అలవాటూ తగ్గుతోంది. 1990ల మొదట్లో జర్మనీలో మనిషికి ఏడాదికి సుమారు 140 లీటర్ల బీరు ఖర్చయ్యేది, 2023 నాటికి అది 90 లోపుకు దిగింది. పెద్ద కంపెనీలు తట్టుకొంటాయి. కొడుకు పట్నం పోతే గంగాళం బోర్లించే ఇంటి బ్రూవరీలకే కష్టం.

ఔఫ్‌సెస్ చుట్టూ ఆ నాలుగు చోట్లను కలుపుతూ పొలాల మీదుగా పదమూడు, పద్నాలుగు కిలోమీటర్ల నడక బాట ఉంది. నడిచేవాళ్ళు ఒక్కో చోట అర లీటరు చొప్పున రుచి చూసుకొంటూ వెళ్ళడం ఆనవాయితీ. నాలుగోది ముగించాక చాలామంది తిరుగు ప్రయాణానికి బస్సు ఎప్పుడుందని అడుగుతారు.