జబ్బు నయమైంది... పనికి పిలిచేదెవరు?

సాలూరు: కుష్ఠువ్యాధికి మందు ఉంది. రకాన్నిబట్టి 6 నెలలు లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పైసా ఖర్చు లేకుండా ఇస్తారు. కాని నయమై ఊరికి తిరిగి వచ్చినవారిని ఊడ్పులకు, కోతలకు పిలిచేవారే కరువు. జబ్బు వదిలినా పేరు వదలడం లేదు.

నాలుగు మందులు కలిపి పోసినా రాని బలం కూలిపనికి పిలిచిన ఒక్క పిలుపుతో వస్తుంది. రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబంలో పెద్దదిక్కు పని మానితే పిల్లల చదువు ఆగుతుంది, అప్పు పెరుగుతుంది. ఆ భయంతోనే పలువురు మచ్చను దాచుకుంటారు. దాచినకొద్దీ నరాలు చెడతాయి.

భయం దేనికి?

మందు వాడని రోగితో చాలాకాలం దగ్గరగా మెలిగినవారికే ఈ వ్యాధి సోకే అవకాశం ఉంది. అదీ అందరికీ సోకదు. మందు మొదలుపెట్టిన కొద్దిరోజులకే రోగినుంచి ఇతరులకు సోకడం ఆగిపోతుంది. కనుక నయమైన మనిషితో ఒకే మడిలో నాట్లు వేయడానికి, ఒకే చెట్టుకింద అన్నం తినడానికి జంకవలసిన పని లేదు. వంకర తిరిగిన వేళ్లు పాత జబ్బు మిగిల్చిన గుర్తులే తప్ప, జబ్బు ఇంకా ఉందనడానికి సాక్ష్యం కావు.

పనిలో జాగ్రత్తలు

చిక్కల్లా స్పర్శ పోవడంతోనే. మందు క్రిములను చంపుతుంది, చచ్చిన నరాన్ని బ్రతికించలేదు. తిమ్మిరి, బలహీనత కనిపించి 6 నెలలు దాటకముందే వైద్యునికి చూపిస్తే నరం కోలుకునే అవకాశం ఉంది.

స్పర్శలేని చేతికి వేడి తెలియదు, కోత తెలియదు. కొడవలి, పార పిడులకు దళసరిగా గుడ్డగాని, పాత సైకిల్ ట్యూబుగాని చుట్టుకోవాలి. పొయ్యిమీద గిన్నెను మసిగుడ్డతోనే దించాలి. పని ముగిశాక చేతులు, కాళ్లు పరీక్షగా చూసుకుని, కాసేపు నీళ్లలో నానబెట్టి, నూనె రాయాలి. కాళ్లకు మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు వేసుకోవాలి. వీటిని ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. అరికాలి పుండు మానేవరకు బురదలో దిగరాదు, బరువులు మోయరాదు. ఆ రోజుల్లో విత్తనాలు ఏరడం, దుకాణం చూడడం వంటి కూర్చుని చేసే పని అప్పగిస్తే మనిషీ నిలుస్తాడు, కాలూ నిలుస్తుంది.

వంకర వేళ్లకు శస్త్రచికిత్స

ముడుచుకున్న వేళ్లను శస్త్రచికిత్సతో తిరిగి పనికి పనికివచ్చేలా చేయవచ్చు. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1948లో ఈ మార్గం చూపారు. బాగా పనిచేసే కండర స్నాయువును మార్చి, చచ్చుబడిన కండరం పనిని దానిచేత చేయిస్తారు. తరువాత వ్యాయామం తప్పనిసరి. చికిత్స రోజుల్లో కూలి పోతుంది కనుక ప్రభుత్వం రూ.12,000 సాయం ఇస్తున్నది.

సాలూరులోని ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఎన్నో ఏళ్లుగా ఈ వ్యాధిగ్రస్తులకు సేవలందిస్తున్నది. విజయనగరంలో లెప్రసీ మిషన్ వృత్తి శిక్షణ కేంద్రం ఉంది.

చట్టం అండ

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కుష్ఠు నయమైనవారినీ చేర్చింది. ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్‌లో వారికి వాటా ఉంది. ఉద్యోగంలో ఉండగా అంగవైకల్యం వచ్చినా ఉద్యోగం తీసివేయరాదు, అదే జీతంపై వేరే పని చూపాలి. కాని పొలం గట్టుమీద కూలి పిలుపునకు ఏ చట్టమూ లేదు. అది ఇరుగుపొరుగు చేతిలో ఉన్నది.

రాబోయే ఊడ్పులకు జట్టు కట్టేటప్పుడు మేస్త్రులు, రైతులు ఈ మాట గుర్తుంచుకోవాలి. మందు ఆసుపత్రి ఇస్తుంది. పని మాత్రం ఊరే ఇవ్వాలి.