గల్లాపెట్టెకు అటూ ఇటూ: కొట్టు కామెడీలో కనిపించని కులం

దుకాణదారుడి జిత్తులు చూసి నవ్వడం టీవీ ప్రేక్షకులకు కొత్త కాదు. బీబీసీలో 1976 నుంచి 1985 మధ్య నాలుగు సిరీస్‌లుగా వచ్చిన ‘ఓపెన్ ఆల్ అవర్స్’లో ఆర్క్‌రైట్ అనే పిసినారి కొట్టు యజమాని, గడప తొక్కిన ప్రతివారికీ అక్కరలేని సరుకు అంటగడతాడు. మన దగ్గర జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా నడిచిన ‘అమృతం’లో అమృతం, ఆంజనేయులు ‘అమృత విలాస్’ హోటల్ పెట్టి, తిప్పలు పడుతూ నవ్వించారు.

ఈ నవ్వుకు ఒక షరతు ఉందని మేము గమనించాం. గల్లాపెట్టె ముందు అందరూ సమానం, మోసపోవడంలో కూడా. ఆర్క్‌రైట్ చూసేది కస్టమర్ జేబునే, పుట్టుకను కాదు. అమృత విలాస్‌లో గొడవంతా రుచి గురించే. వండిందెవరు, తినేదెవరు అన్న ప్రశ్న కథకు అక్కరలేదు. మన ఊళ్లలో రెండు గ్లాసుల పద్ధతి పుట్టిందే ఆ ప్రశ్న నుంచి.

మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లో ఈ సంగతి ఇంకో రూపంలో కనిపిస్తుంది. బొగ్గు బాయిలను నమ్ముకుని బతికే ఊరిది. ఇక్కడ ఉద్దెర ఇచ్చే ముందు కిరాణం సేటు కులం అడగక్కర్లేదు. ‘పర్మినెంటా, కాంట్రాక్టా?’ అంటే చాలు. 2024లో సింగరేణి లాభాల వాటా పర్మినెంట్ కార్మికులకు సగటున రూ.1.90 లక్షలు వస్తే, కాంట్రాక్ట్ కార్మికులకు దక్కింది రూ.5 వేలు. అది కూడా మొదటిసారి. ఉద్దెర ఎవరికి పుడుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. కాంట్రాక్ట్ సఫాయి పనుల్లో ఉన్నదెవరో చూస్తే, అడగకుండానే కులం లెక్కలోకి ఎలా వస్తుందో అర్థమవుతుంది. టీవీలో కస్టమర్ రేపు ఇంకో కొట్టుకు పోతాడు. పాత బాకీ ఉన్నవాళ్లు మాత్రం తూకం తగ్గినా, ధర పెరిగినా అక్కడికే పోవాలి.

చట్టం ఏం చెబుతోంది? దుకాణాలు, హోటళ్లలోకి ప్రవేశించే హక్కును రాజ్యాంగం 15(2) అధికరణ కాపాడుతుంది. 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం 6వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లింది. ఇతరులకు అమ్మే సమయంలో, అదే చోట, అవే షరతులపై అమ్మడానికి అంటరానితనం కారణంగా నిరాకరిస్తే నేరమే. పైసలు చేతికి తీసుకోకపోవడం, సరుకు పైనుంచి వేయడం, వేరే గ్లాసు ఇవ్వడం వంటివన్నీ ‘అవే షరతులు’ అన్న మాటతో కొలవాలి. కేవలం కొలువు చూసి ఉద్దెర కాదంటే ఈ సెక్షన్ అందుకోదు. ఆ కొట్లాట జీతం దగ్గర, పర్మినెంట్ కొలువు దగ్గర చేయాల్సిందే.

గల్లాపెట్టెకు అటువైపు దళితుడు కూర్చుంటే? బొంబాయిలో అంబేడ్కర్ షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ పెడితే, ఆయన కులం తెలిసి గిరాకీ ఆగిపోయింది. 2021లో వచ్చిన దళితబంధు కుటుంబానికి రూ.10 లక్షలు ఇస్తామంది. పెట్టుబడి ఇవ్వొచ్చు, గిరాకీని ఎవరిస్తారు? సబ్బు కొనేవాళ్లు టిఫిన్ కొనకపోతే దాన్ని ఏ పుస్తకంలో రాయాలి? ఊరంతా కట్టుబడి బేరం మానేస్తే అది ఆర్థిక బహిష్కరణ. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న అత్యాచారాల నిరోధక చట్ట సవరణ కింద నేరం. ఒక్కొక్కరుగా మొహం చాటేస్తే మాత్రం కేసు నిలబెట్టడం కష్టం.

అందుకే, కిరాణం కొట్టుకు వెళ్లే పరిశోధక విద్యార్థులు ధరల పట్టికతో ఆగకూడదని మేమంటాం. ఉద్దెర ఎవరికి ఎంతవరకు ఇచ్చారు, ఎవరి చేతి సరుకు ఎవరు తింటున్నారు అన్నవి కూడా రాసుకోవాలి. కామెడీ వదిలేసిన పేజీ అదే.