సముద్రం బాగానే వచ్చింది... మరి మన మొహాలో?

కార్తీక పౌర్ణమికి మైపాడు వెళ్లొచ్చారా? నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లే కదా. పొద్దున్నే సముద్ర స్నానం కానిచ్చి, అలల దగ్గర అందరూ వరసగా నిలబడి ఒక ఫోటో దిగే ఉంటారు. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే ఏముంది! సముద్రం భేషుగ్గా వచ్చింది. మనవాళ్లే బొగ్గు బొమ్మల్లా ఉన్నారు.

మా ఇంట్లోనూ అలాంటి ఫోటో ఒకటుంది. రీలు కెమెరాల రోజుల్లో తీసింది. మా అత్తగారు సముద్రం చూసింది ఆ ఒక్కసారే. చిన్నపిల్లలా నవ్వుతూ నిలబడ్డారు. ఫోటోలో ఆ నవ్వు లేదు, ఉత్త నీడే ఉంది. తీసింది నేనే. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ పొరపాటు మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలూ.

తప్పెక్కడ జరుగుతుంది?

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రం వైపు నుంచే లేస్తాడు. సముద్రాన్ని వెనక పెట్టుకుని నిలబడితే వెలుతురంతా వీపున పడుతుంది, మొహం నీడలో ఉండిపోతుంది. పైగా వెనకున్న ఆకాశం తళతళలు చూసి, వెలుతురు ఎక్కువైందనుకుని కెమెరా తగ్గించేస్తుంది. దాంతో మొహాలు ఇంకా నల్లబడతాయి.

మరేం చేయాలి?

* పొద్దున పూటయితే మీవాళ్లను సముద్రం వైపు తిరిగి నిలబడమనండి. కాస్త పక్కకు తిరిగితే మరీ మంచిది. ఒక చెంప మీద ఎండ పడి ముక్కూ మొహం తీరుగా కనిపిస్తాయి, కళ్లు చికిలించక్కర్లేదు.

* వెనక సముద్రమే కావాలంటారా? సాయంత్రం నాలుగింటికి రండి. అప్పుడు ఎండ పడమటి నుంచి నేరుగా మొహాల మీద పడుతుంది.

* పొద్దునే, సముద్రంతోనే కావాలంటే ఫ్లాష్ వేయండి. 'పట్టపగలు ఫ్లాషేమిటమ్మా' అని నవ్వకండి, మొహం మీది నీడను పోగొట్టేది అదే. ఆటోలో ఉంచితే వెలగకపోవచ్చు, మీరే ఆన్ చేయాలి. ఆరేడు అడుగుల దూరం చాలు. దూరం రెట్టింపైతే అందే వెలుతురు నాలుగో వంతే!

* సెల్‌ఫోన్ లైటు ఎండలో అంతగా పనిచేయదు. తెర మీద మొహం ఉన్నచోట వేలితో తాకండి, మొహం తేటపడుతుంది. ఆకాశం తెల్లబారినా ఫర్వాలేదు. ఎదురుగా ఎవరైనా తెల్ల పంచె పరిచి పట్టుకున్నా ఎండ దాని మీద పడి మొహానికి తిరిగొస్తుంది.

* మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంటుంది. కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు పడతాయి. చెట్టు నీడకో గొడుగు కిందకో చేరండి.

ఇంట్లో అయితే...

రాత్రిళ్లు ఫ్లాష్ వేసేటప్పుడు గోడకు ఆనుకుని నిలబడొద్దు. రెండడుగులు ముందుకు జరిగితే వెనక నల్లటి నీడ పడదు. కళ్లజోడు ఉన్నవారు తల కొంచెం వంచితే అద్దాలు మెరవవు. చేపల పులుసు ఫోటోకు మాత్రం ఫ్లాష్ వద్దే వద్దు. పైన తేలిన నూనె తళుక్కుమని ముక్కలు కనిపించవు. గిన్నెను కిటికీ పక్కన పెట్టి తీయండి, నోరూరుతుంది.

పులికాట్‌లో ఫ్లెమింగోలకు కూడా ఫ్లాష్ వేయకండి. వెలుతురు అంత దూరం అందదు, దగ్గరకెళ్లి వేస్తే పక్షులు బెదురుతాయి.

మరొక్క మాట. ఫోటోలు తీసే ఇల్లాలు ఏ ఫోటోలోనూ ఉండదు. ఈ కిటుకులు పిల్లలకూ నేర్పి, మీరూ వెళ్లి నిలబడండి. ఇంట్లో పెద్దావిడను పక్కనే నిలబెట్టుకుని, ఆవిడ మొహాన ఎండ ఎటు నుంచి పడుతోందో ఒక్క క్షణం చూసుకోండి. సముద్రం ఎక్కడికీ పోదు.