తీసివేతలో తీర్చని అప్పు

52లోంచి 27 తీసేయమంటే మీ పాప 35 అని రాసిందా? 'ధ్యాస ఎక్కడుంది?' అంటూ మొట్టికాయ వేయకండి. 2లోంచి 7 పోదు కదా, అందుకని 7లోంచి 2 తీసేసింది. 61లోంచి 38 ఇచ్చి చూడండి, 37 అంటుంది. పరాకైతే తప్పు ఒక్కోసారి ఒక్కోలా వచ్చేది. ఇది మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో బగ్. అమెరికా పరిశోధకులు జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లోనే పిల్లల తీసివేతల్ని ఇలా చూశారు. వాళ్ల ప్రోగ్రామ్ పేరే 'బగ్గీ'! మనమేమో 'దీనికి లెక్కలు రావు' అని ముద్ర వేసేస్తాం.

'పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకో' అని నేర్పిస్తాం. ఆ అప్పు ఎవరూ తీర్చరు. పైగా అడిగింది ఒకటి, వచ్చింది పది. తికమక పడరా మరి?

దాని బదులు చిల్లర మార్పించండి. ఐదు పదినోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతికిచ్చి 27 ఇమ్మనండి. బిళ్లలు చాలవు. ఒక నోటు మారిస్తే నాలుగు నోట్లు, పన్నెండు బిళ్లలు. మొత్తం ఇప్పటికీ 52 అని పాప నోటితోనే చెప్పించండి, కిటుకంతా అక్కడే ఉంది. ఇవ్వాల్సింది ఇచ్చేస్తే మిగిలేది 25. తర్వాతే కాగితం మీద 5 కొట్టేసి 4 వేయించండి.

అసలు చిక్కు 403లోంచి 167 దగ్గర. పదుల్లో సున్నా! ముందు వందనోటు మార్చి పది పదినోట్లు, వాటిలో ఒకటి మార్చి పది బిళ్లలు. ఇప్పుడు మూడు వందలు, తొమ్మిది పదులు, పదమూడు ఒకట్లు. సున్నా మీద 9 ఎందుకు వేస్తారో అప్పుడు అర్థమవుతుంది. జవాబు 236. నమ్మకం లేకపోతే దానికి 167 కలిపి చూసుకోమనండి.