ఏఐ చేతికిచ్చే టూల్‌కు చీటీ సరిగ్గా రాశామా? కార్డుల ఆటతో ఓ పరీక్ష

వంటింట్లో రెండు డబ్బాలున్నాయి. ఒకదాంట్లో ఉప్పు, ఇంకోదాంట్లో పంచదార. ఇంట్లోవాళ్లకు ఏది ఏదో తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లకు మాత్రం డబ్బా మీద అంటించిన చీటీయే దిక్కు. రెండింటి మీదా 'వంట సామాను' అనే రాసి ఉంటే చాయ్‌లో ఉప్పు పడుతుంది. తప్పు వేసినవాళ్లదా, చీటీ రాసినవాళ్లదా?

ఏఐ ఏజెంట్ల సంగతీ ఇంతే. ఏజెంట్ అంటే మాటలు చెప్పి ఊరుకునేది కాదు, బయటి సాఫ్ట్‌వేర్‌ను వాడి పని చేసిపెట్టే ఏఐ. అది వాడే ఒక్కో సాధనాన్ని 'టూల్' అంటారు. టూల్ లోపల ఏముందో ఏఐకి మామూలుగా కనిపించదు. దాని ముందుండేవి టూల్ పేరు, దానికి ఇవ్వాల్సిన వివరాల జాబితా, నాలుగు వాక్యాల వివరణ. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో విడుదల చేసిన 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్'లోనూ టూళ్లను ఇలాగే పరిచయం చేస్తారు.

ఆ వివరణ బాగుందో లేదో ఎలా తేల్చాలి? చదివి 'పర్లేదు' అనుకుంటే సరిపోదు, పరీక్ష పెట్టాలి. దానికి కార్డుల ఆట డేటాబేస్ చక్కగా పనికొస్తుంది.

'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అనే కార్డుల ఆట 1993లో అమెరికాలో మొదలైంది. దీన్ని రూపొందించినవారు రిచర్డ్ గార్ఫీల్డ్. ఇప్పుడు ఇందులో 25 వేలకు పైగా వేర్వేరు కార్డులున్నాయి. వాటి వివరాలన్నీ 'స్క్రైఫాల్' అనే డేటాబేస్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎవరి సొంత సమాచారమూ బయటపడదు, ప్రతి జవాబునూ సరిచూసుకోవచ్చు. పైగా ఏఐ బోల్తా పడే చోట్లు కూడా ఇక్కడ బోలెడు.

మొదటిది ధర. 'లైట్నింగ్ బోల్ట్' అనే కార్డును 1993 నుంచి ఎన్నోసార్లు ముద్రించారు. తొలి ముద్రణ ధరకూ, ఈమధ్య ముద్రణ ధరకూ పొంతనే ఉండదు. టూల్ వివరణలో 'కార్డు ధర చెబుతుంది' అని మాత్రమే రాస్తే, ఏఐ ఏదో ఒక ముద్రణ ధర పట్టుకొచ్చి అదే ఖాయమన్నట్టు చెప్పేస్తుంది.

రెండోది రంగు. ఒక కార్డు ఎర్రది అయినా, దాని మీది వాక్యంలో తెలుపు గుర్తు ఉండొచ్చు. 'కమాండర్' పద్ధతి ఆటలో ఆ గుర్తును కూడా లెక్కలోకి తీసుకుంటారు. 'రంగు' అన్న ఒక్క మాట రాసి వదిలేస్తే, ఏ రంగు గురించి అడుగుతున్నారో ఏఐకి ఎలా తెలుస్తుంది?

మూడోది లెక్క. వెతికితే స్క్రైఫాల్ ఒక పేజీకి 175 కార్డులు మాత్రమే ఇస్తుంది. తర్వాత ఇంకా పేజీలు ఉంటాయని వివరణలో లేకపోతే, 'మొత్తం 175 కార్డులు' అని ఏఐ ధీమాగా చెప్పే ప్రమాదముంది.

ఇక పరీక్ష ఎలా పెట్టాలి? జవాబు ముందే తెలిసిన 40 ప్రశ్నలు రాసుకున్నామనుకోండి. ఏఐ అదే, టూల్ అదే, ప్రశ్నలూ అవే. వివరణ ఒక్కటే మార్చాలి. ఏఐ ప్రతిసారీ ఒకేలా నడవదు కాబట్టి ఒక్కో ప్రశ్న ఐదుసార్లు అడగాలి. అప్పుడు పాత వివరణతో 200, కొత్తదానితో 200 జవాబులు వస్తాయి. జవాబు సరైందా అన్నదొక్కటే చూస్తే చాలదు. సరైన టూల్‌నే ఎంచుకుందా? దానికి సరైన వివరాలే ఇచ్చిందా? ఎన్నిసార్లు పిలిచింది? ఇవీ రాసుకోవాలి.

రెండు జాగ్రత్తలు మర్చిపోకూడదు. పేరున్న కార్డుల సంగతి ఏఐకి ముందే తెలిసి ఉండొచ్చు. టూల్ ముట్టకుండానే సరైన జవాబు చెబితే, ఆ మార్కు వివరణ ఖాతాలో వేయకూడదు. అందుకే ఇవాళ్టి ధర, కొత్తగా వచ్చిన కార్డు లాంటివి అడగాలి. రెండోది, ఏ ప్రశ్నలు చూసి వివరణను సరిదిద్దామో అవే ప్రశ్నలతో చివరి మార్కులు వేయొద్దు. అది పేపరు ముందే ఇచ్చి పరీక్ష పెట్టినట్టే. కొన్ని ప్రశ్నలు విడిగా దాచి ఉంచాలి.

కార్డుల ఆటలో పొరపాటు జరిగితే పోయేది ఒక ఆట. కానీ ఇలాంటి టూళ్లే టికెట్లు రద్దు చేయడానికీ, డబ్బు పంపడానికీ వస్తే? 'చూపించు' అనే టూల్‌కూ, 'రద్దు చేయి' అనే టూల్‌కూ తేడా చెప్పేది ఆ నాలుగు వాక్యాలే. మన పిల్లల్లో చాలామంది సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తున్నారు. కోడ్ రాయడం నేర్చుకుంటూనే, ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా నాలుగు ముక్కలు రాయడం కూడా నేర్చుకోమని వాళ్లకు చెప్పండి. రాసింది సరిగ్గా ఉందో లేదో పరీక్షించి చూసుకోమనీ చెప్పండి.