గర్భిణులకును పసిబిడ్డలకును దంతరక్షణము

గర్భిణి పండ్లలోని సున్నమును కడుపులోని శిశువు లాగికొనునని కొందఱు తలంతురు. అది నిజము కాదు. ఆ దినములలో దేహమున గలుగు మార్పులచేత చిగుళ్లు వాచి నెత్తురు కారుట కలదు. వేవిళ్ల పులుపు పండ్లను తినివేయును. కావున వాంతి యైన వెంటనే నీటితో పుక్కిలించి, అరగంట తాళి పండ్లు తోముకొనవలెను. పంటినొప్పి కలిగినచో కాన్పువఱకు ఓర్చుకొనరాదు. గర్భము సంగతి తెలిపి వైద్యునిచే చికిత్స పొందవలెను.

శిశువునకు 6వ నెల ప్రాంతమున తొలిపన్ను వచ్చును; సుమారు 3 ఏండ్లకు 20 పాలపండ్లును పూర్తియగును. ఊడిపోవునవే గదా యని ఉపేక్షింపరాదు. నారు చెడినచో పైరు నిలువదు. పాలపండ్లు చెడినచో బిడ్డ అన్నము నమలలేదు, వెనుక వచ్చు పండ్లు వంకరపోవచ్చును. చక్కెరపాల సీసా నోటనుంచి నిద్రపుచ్చరాదు. తొలిపన్ను మొదలు మెత్తని బ్రష్షుతో దినమునకు 2 మార్లు తోమవలెను. పేస్టు బియ్యపుగింజంత చాలును. సభ్యులీ సంగతులను తమ యింట నందఱకును తెలుపవలెనని కోరుచున్నాము.