అర కిలోమీటరు టవర్‌కు ఐదు మీటర్ల పునాది

మాస్కో ఉత్తర భాగాన ఒస్తాంకినో అనే పేట ఉంది. ఒకప్పుడు షెరెమెత్యెవ్ ప్రభువుల జాగీరు. వాళ్ల భవనం చూద్దామని వెళ్లినవాళ్ల చూపు కూడా ముందు పడేది పక్కనున్న టీవీ టవర్ మీదే. ఎత్తు 540 మీటర్లు. ఐఫిల్ టవర్ నెత్తిన రెండు కుతుబ్ మినార్లు నిలబెట్టినా దీని కొస అందదు.

టీవీ సంకేతాలు దాదాపుగా చూపు ఆనినంత మేరే ప్రయాణిస్తాయి. అందుకే ప్రసారానికి ఎత్తు కావాలి. 1950లలో మాస్కో టీవీకి ఆధారం షాబొలొవ్‌కాలోని పాత షూఖొవ్ టవర్. 1922లో రేడియో కోసం కట్టింది, ఎత్తు 160 మీటర్లు. పెరుగుతున్న నగరానికీ, పెరుగుతున్న చానళ్లకూ అది చాలలేదు.

కొత్త టవర్ నమూనా ఇచ్చిన ఇంజినీరు నికొలాయ్ నికీతిన్. సైబీరియాలో పుట్టినవాడు. కుర్రతనంలో పాము కాటేయడంతో జీవితాంతం కుంటుతూనే నడిచాడు. మాస్కో విశ్వవిద్యాలయపు ఆకాశహర్మ్యానికీ, వోల్గోగ్రాద్‌లోని మాతృభూమి విగ్రహానికీ లెక్కలు కట్టిందీ ఆయనే. తలకిందులు చేసిన లిల్లీ పువ్వులోంచి ఈ టవర్ ఆకారం పుట్టిందంటారు. రేకలు పాదాలయ్యాయి, కాడ స్తంభమయింది.

ఇంత ఎత్తుకు పునాది లోతు ఎంతో తెలుసా? ఐదు మీటర్లు కూడా లేదు. అధికారులు హడలిపోయారంటే ఆశ్చర్యం లేదు. 1960లో మొదలైన పని ఈ అనుమానాలతోనే ఆగింది, మళ్లీ 1963లో గానీ కదల్లేదు. నికీతిన్ లెక్క వేరు. బరువులో అత్యధిక భాగం అడుగునే ఉంటే టవర్‌ను పడదోయడం గాలి తరం కాదు. ఇక రెండో సంగతి: కాంక్రీటు నొక్కుడుకు ఓర్చుకుంటుంది, సాగదీస్తే పగులుతుంది. గాలికి టవర్ ఒక పక్కకు వంగినప్పుడు రెండో పక్క సాగుతుంది కదా! అందుకని స్తంభం లోపలి గోడ వెంట 149 ఉక్కు తాళ్లను బిగించి, కాంక్రీటును ఎప్పుడూ నొక్కిపట్టి ఉంచేలా చేశాడు. అసలు ప్రతిభ ఎత్తులో కాదు, బయటికి కనిపించని ఈ తాళ్లలో ఉందని నా అభిప్రాయం.

అక్టోబరు విప్లవ స్వర్ణోత్సవాల వేళ, 1967 నవంబరు 5న ప్రసారాలు మొదలయ్యాయి. 500 మీటర్లు దాటి, ఏ ఆసరా లేకుండా నిలబడిన మొదటి కట్టడం ప్రపంచంలో ఇదే. టొరంటోలో సీఎన్ టవర్ లేచేదాకా రికార్డు దీనిదే. పైన తిరిగే రెస్టారెంటుకు ‘ఏడో స్వర్గం’ అని పేరు పెట్టారు. దేవుణ్ణి నమ్మని ప్రభుత్వం స్వర్గాన్ని మాత్రం వదులుకోలేదన్నమాట! 

అందరూ అడుగు గురించి భయపడితే ఆపద పైనుంచి వచ్చింది. 2000 ఆగస్టు 27న, సుమారు 460 మీటర్ల ఎత్తున మంటలు లేచాయి. రష్యా నౌకాదళపు కూర్‌స్క్ జలాంతర్గామి మునిగి అప్పటికి పదిహేను రోజులే. సందర్శకులను క్షేమంగా దించేశారు గానీ, కేబుళ్ల ప్లాస్టిక్ తొడుగులు కరిగి మండుతూ కిందికి కారాయి. మంటలు పైకి పాకడం అందరికీ తెలుసు, ఇక్కడ కిందికి పాకాయి. అంత ఎత్తుకు నీళ్లు చేరే దారి లేదు. సిబ్బంది సామగ్రిని భుజాన వేసుకుని మెట్లెక్కారు. లిఫ్టు తెగిపడింది. ముగ్గురు చనిపోయారు. నగరంలో చాలా చానళ్లు మూగబోయాయి.

ఆరిన తర్వాత చూస్తే తాళ్లలో దాదాపు 120 తెగిపోయి ఉన్నాయి. టవర్ మాత్రం నిలబడే ఉంది. 1973లోనే కన్నుమూసిన నికీతిన్‌కు ఇంతకు మించిన యోగ్యతాపత్రం అక్కర్లేదు. తాళ్లన్నీ మార్చారు. సందర్శకులను తిరిగి అనుమతించడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు 337 మీటర్ల ఎత్తునున్న వేదికపై, గాజు నేల మీద నిలబడి మాస్కోను చూడొచ్చు. వేదెన్‌ఖా మెట్రో స్టేషన్ నుంచి వెళ్లొచ్చు. వెళ్లేవాళ్లు పాస్‌పోర్టు మరిచిపోకండి, అది చూపందే లోపలికి రానివ్వరు.